సివిల్ సర్వీసు పరీక్షయు, మన యింటి దినపత్రికయు

మా యింటికి దినపత్రిక వచ్చు వేళ తెల్లవాఱుజామున అయిదున్నర గంటలు. మొదట మావారు చదువుదురు. పిమ్మట మా అబ్బాయి తనకు గావలసిన ఆటల పుటను లాగికొనును. వా రిరువురును తమతమ పనులకు బోయిన పిదప, పదిగంటల వేళకు, మడతలు తప్పి, కాఫీ మరకతో గూడ ఆ పత్రిక మా కోడలి చేతికి వచ్చుచుండెడిది. ఇంటిల్లిపాదిలో దాని యవసరము నిజముగా నున్నది ఆమె కొక్కతెకే. ఆమె సివిల్ సర్వీసు పరీక్షకు చదువుచున్నది. ఈ సంగతి రెండు సంవత్సరముల వఱకు నాకు తోచనే లేదని చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది.

ఈ పత్రికను చదువు సోదరీమణులలో ననేకుల యిండ్లయందు కూతురో, కోడలో, చెల్లెలో యిట్టి పరీక్షలకు కూర్చుండుచునే యుందురు. వారు రాత్రింబవళ్లు ఏమి చదువుచున్నారో, అందు వారిని మిక్కిలి భయపెట్టు భాగ మేదియో మనము తెలిసికొన్నచో, వారి యెడ మన నడవడియే మాఱును. అందుచేత నేను కన్నదియు విన్నదియు వ్రాయుచున్నాను. నేను పదవ తరగతి వఱకే చదివినదానను. పండితురాలను గాను.

కేంద్ర పబ్లిక్ సర్వీసు కమీషనువారు ఏటేట జరుపు ఈ పరీక్షకు మూడు మెట్లు కలవు. మొదటిది ప్రిలిమినరీ. అందు సామాన్య విజ్ఞాన పత్రమున రెండు గంటలలో నూఱు ప్రశ్నలకు సమాధానములు గుర్తింపవలెను. ప్రశ్నకు రెండేసి మార్కులు; తప్పు గుర్తించినచో అందు మూడవవంతు కోతపడును. రెండవ పత్రమున నూటికి 33 వంతున మార్కులు వచ్చిన చాలును. దీనిని దాటినవారు మెయిన్స్ అను వ్రాతపరీక్షకు పోవుదురు. అందు తొమ్మిది పత్రములు. భాషాపత్రములు రెండును ఉత్తీర్ణత కొఱకు మాత్రమే; తక్కిన యేడింటికి 1750 మార్కులు. ఆపైని 275 మార్కులకు ముఖాముఖి. 2023వ సంవత్సరపు పరీక్షకు దరఖాస్తు పెట్టినవారు 10 లక్షల 16 వేల పైచిలుకు. కూర్చున్నవారు 5 లక్షల 92 వేలు. వ్రాతపరీక్షకు అర్హత పొందినవారు 14,624 మంది, ముఖాముఖికి పిలువబడినవారు 2,855 మంది, తుదకు ఎన్నికైనవారు 1,016 మంది. వీరిలో స్త్రీలు 352 మంది. ఆడువారికి దరఖాస్తు రుసుము లేదు. ఆ రుసుము నూఱు రూపాయలే గనుక అది గొప్ప యుపకార మనలేము. ఆడుపిల్లకు కావలసిన రుసుము వేఱొకటి కలదు. అది తీఱిక.

ప్రిలిమినరీకి విధింపబడిన పాఠ్యప్రణాళికలో మొట్టమొదటి పంక్తి, జాతీయముగను అంతర్జాతీయముగను ముఖ్యమైన వర్తమాన ఘటనలు అనునది. అభ్యర్థులు దీనినే కరెంట్ అఫైర్స్ అందురు. వర్తమాన వ్యవహారములని మనము చెప్పుకొందము. చరిత్ర పుస్తకమునకు కడపటి పుట యున్నది. భూగోళమునకు ఎల్లలున్నవి. రాజ్యాంగమునకు అధికరణములున్నవి. వార్తలకో, తుది లేదు. రాత్రి పండుకొనునప్పటికి చదివినది పూర్తియైనదని యనుకొన్నను, తెల్లవాఱుసరికి మఱియొక పదునాఱు పుటలు గుమ్మములో పడియుండును. ఈ తుదిలేనితనమే పిల్లలను భయపెట్టునది. భయమున్న చోట వ్యాపార ముండును గదా! నెలనెలకు వర్తమాన వ్యవహారముల సంగ్రహములు, మూడు నెలలకు సంగ్రహముల సంగ్రహములు, పరీక్షకు ముందు సంవత్సరమంతటికి గలిపి యొక మహాసంగ్రహము అమ్ముడుపోవుచున్నవి.

మా కోడలు 2023వ సంవత్సరమున మొదటిసారి పరీక్ష వ్రాసెను. అంతకు ముందు నగరములోని యొక శిక్షణాలయమువా రిచ్చిన నెలవారీ పొత్తములు పండ్రెండును బీరువా పైయఱలో వరుసగా నిలిచియుండెను. ఏ దేశాధిపతి యెవరిని కలసికొనెను, ఏ సభ యే పట్టణమున జరిగెను, ఏ బహుమాన మెవరికి వచ్చెను అని ఆమె కూరలు తఱుగుచు గొణుగుకొనుచుండెడిది. వారాంతమున శిక్షణాలయమువారు పెట్టిన చిల్లరపరీక్షలలో నూటికి ఎనుబది వచ్చుచుండెడివి. మే 28వ తేదీన విజయవాడలో అసలు పరీక్ష జరిగెను. మధ్యాహ్నపు బండిలో తెనాలి తిరిగివచ్చునప్పుడు ఆమె యొక్క మాటయు పలుకలేదు. జూన్ నెలలో ఫలితములు వచ్చినవి. ఆమె సంఖ్య లేదు. ఆ సంవత్సరము సామాన్య వర్గమువారు దాటవలసిన మార్కులు 200కు 75.41 మాత్రమే యని తరువాత తెలిసినది. ఆమెకు సుమారు ఏడు మార్కులు తగ్గినవి.

ఈ 75.41 అను అంకెను గూర్చి కొంచెము నిలిచి యాలోచింపవలెను. దేశములోని మేలైన పిల్లలు లక్షలకొలది వ్రాసిన పరీక్షలో నూటికి 38 వంతుల మార్కులే మెట్టు దాటించినవి. అన్నియు తెలిసియుండవలె నని పరీక్షకులు కోరుట లేదనుట కింతకంటె నిదర్శన మేమి కావలయును? తెలిసినదానిని స్థిరముగా తెలిసియుండుటయు, తెలియనిదానిని తాకక విడిచిపెట్టుటయు వారు కోరినది. ఆ యేడు ప్రశ్నల తీరు గూడ మాఱెను. మునుపు నాలుగు వాక్యము లిచ్చి, వీనిలో ఒకటవదియు మూడవదియు సరియైనవా యని యడుగుచుండిరి. ఒక్క వాక్యము తప్పని తెలిసినను సమాధానమును పట్టుకొనుటకు వీలుండెడిది. 2023లో ననేక ప్రశ్నలయందు, వీనిలో నెన్ని సరియైనవి యని మాత్రమే యడిగిరి. ఊహకు చోటు తగ్గెను. ఏ సభ యెక్కడ జరిగెనో కంఠస్థము చేసినవారి శ్రమ చాలవఱకు వ్యర్థమయ్యెను. ఆ సభ పెట్టిన సంస్థ యేమి, అందు మనదేశము సభ్యురాలా, అది చేసిన నిర్ణయమునకు చట్టబలమున్నదా అని విచారించినవారు నిలిచిరి.

మా యింట ఈ విచారణ టమాటాతో మొదలైనది. నవ్వకుడు. ఫలితములు వచ్చిన నెలకే, 2023 జూలైలో, టమాటా కిలో నూఱు రూపాయలు దాటి పైకెగసినది మీకు జ్ఞాపకముండును. నేను పప్పులో చింతపండు పిసుకుచు, “మదనపల్లెలో రాసులుపోసి అమ్ముదురట, మనకేమి యీ కఱవు?” అని విసుగుకొంటిని. ఊరక కూర్చుండియున్న మా కోడలు తలయెత్తి, “అత్తయ్యగారూ, ఆ వార్త యే పుటలో నున్నది?” అని యడిగెను. ఆ దినమున ఇరువురము వంటయింటి గడపలో కూర్చుండి ఆ యొక్క వార్తను పట్టుకొని గంటసేపు చదివితిమి.

ధర యేల పెరిగెను? అంతకు ముందు వేసవిలో ధర పడిపోయి, రైతులు కోతకూలి గిట్టక పంటను వదలిరి. ఆపైని ఎండలు, అకాలవర్షములు, చీడలు. ఇది వ్యవసాయము. పెరిగిన ధరను లెక్కించువా రెవరు? దేశమున చిల్లర ధరల సూచిక యని యొకటి నెలనెలకు ప్రకటింపబడును. అప్పటి సూచిక 2012వ సంవత్సరమును ఆధారముగా గొన్నది. అందు నూటికి సుమారు 46 పాళ్లు ఆహారపానీయములదే. కావుననే కూరగాయలు మండినప్పుడు లెక్క యంతయు మండును. జూన్‌లో నూటికి 5కు లోపల నున్న ధరల పెరుగుదల జూలైలో 7.44 అయ్యెను; కూరగాయల మట్టుకు చూచిన 37కు పైగా నుండెను. మఱి దీనిని అదుపులో నుంచు భార మెవరిది? 2016లో రిజర్వు బ్యాంకు చట్టమును సవరించి, పెరుగుదల నూటికి 4 వద్ద నుండవలెననియు, రెండు పాళ్లు అటునిటు సహింపవచ్చుననియు ఏర్పఱచిరి. ఆ పనికై ఆర్గురు సభ్యుల సంఘ మొకటి యున్నది. 2023 ఆగస్టులో ఆ సంఘము వడ్డీరేటును పెంచునేమో యని యందఱును చూచిరి. 6.5 వద్దనే యుంచిరి. మా కోడలు దీని కబ్బురపడి, “ధరలు పెరిగినప్పుడు వడ్డీ పెంచవలె నని పుస్తకములో నున్నది గదా!” అనెను. నేను, “వడ్డీ పెంచిన టమాటాలు పండునా?” అంటిని. తెలిసి యన్న మాట కాదది, నోటికి వచ్చినది. ఆమె కొంతసేపు నావంక చూచి నోటుపుస్తకము తీసికొనెను. గిరాకి హెచ్చుటచే పెరుగు ధరకును, పంట పోవుటచే పెరుగు ధరకును మందు వేఱువేఱని అర్థశాస్త్రము చెప్పునట. పంట చేతికి వచ్చిన వెంటనే దిగివచ్చు ధరలకై తొందరపడి వడ్డీ పెంచరట.

అంతటితో నది ముగియలేదు. ఆ నెలలలోనే ప్రభుత్వమువారు చేసిన పను లొకటొకటిగా పత్రికలో కనబడసాగినవి. మన రాష్ట్రమున రైతుబజార్లలో కిలో 50 రూపాయలకు అమ్మించిరి. నేనును సంచి పట్టుకొని వరుసలో నిలుచుంటిని. ఈ రైతుబజార్లు 1999లో మొదలైనవని అప్పుడే తెలిసికొంటిని. నేపాలునుండి టమాటాలు తెప్పించుచున్నామని కేంద్ర ఆర్థికమంత్రి ఆగస్టులో లోక్‌సభలో చెప్పిరి. జూలై 20వ తేదీన బాస్మతి గాని తెల్లబియ్యపు ఎగుమతిని నిషేధించిరి. అమెరికాలో నున్న మన తెలుగువారు సోనామసూరి బస్తాలకై దుకాణములవద్ద గుమిగూడిన వార్త అందఱును చూచినదే. మా పినతల్లి మనుమడు గూడ అట్లు మూడు బస్తాలు కొని యింట దాచెనట. ఆగస్టు 19న ఉల్లి యెగుమతిపై నూటికి 40 వంతున సుంకము విధించిరి. ఆ బియ్యపు నిషేధమును 2024 సెప్టెంబరులో ఎత్తివైచిరి.

ఇట్లు పోగుపడిన వార్తలను ముందిడికొని మా కోడలు రాజ్యాంగమును తెఱచినది. ఏడవ షెడ్యూలులో అధికారముల పంపకమున్నది. వ్యవసాయము రాష్ట్రముల జాబితాలో 14వ పద్దు. విదేశవ్యాపారము కేంద్రజాబితాలో 41వ పద్దు. పండించువాడు రాష్ట్రము చేతిలో, ఓడరేవు కేంద్రము చేతిలో. పంటకు ధర వచ్చిన వేళ ఎగుమతి మూసినచో పట్టణములోని గృహిణికి మేలు, పొలములోని రైతుకు నష్టము. నేను పట్టణములోని గృహిణిని; మా పుట్టినింటివారు రైతులు. ఎవరి పక్షమున మాటాడుదునో నాకే తెలియలేదు. ఈ చిక్కును రెండువైపులనుండి వ్రాయగలుగుటయే మెయిన్స్ పరీక్షలో కోరునది. సంగ్రహముల పొత్తములో ఇది యెట్లున్నదో చూతమని తీసితిమి. నిషేధపు తేదీయు సుంకపు అంకెయు గలిపి రెండు పంక్తులు గలవు.

ఆ సంవత్సరమే సెప్టెంబరులో స్త్రీలకు శాసనసభలయందు స్థానములు ప్రత్యేకించు బిల్లు వచ్చినది. 20వ తేదీన లోక్‌సభయు, 21న రాజ్యసభయు అంగీకరించినవి. 28న రాష్ట్రపతి యామోదము లభించి రాజ్యాంగపు 106వ సవరణచట్ట మయ్యెను. ఆ వారము మా వీధిలో ఆడువారు నలుగురు కూడిన చోటులనెల్ల అదే ముచ్చట. ఎదురింటి వదినెగారు, “ఇంక వచ్చు ఎన్నికలలో మూడవవంతు మనవారే” అని సంతసించిరి. పత్రికలోని పెద్దయక్షరములు చూచినవారికి అట్లే తోచును. క్రిందనున్న చిన్నయక్షరములలో, ఈ చట్టము వచ్చిన పిమ్మట జరుగు మొదటి జనాభాలెక్కల ప్రకటనయు, దానిపై నియోజకవర్గముల పునర్విభజనయు అయిన తరువాతనే యిది యమలగునని యున్నది. 2021లో జరుగవలసిన జనాభాలెక్కలు అప్పటికింకను జరుగలేదు. 2024 ఎన్నికలలో లోక్‌సభకు 543 మందిలో 74 మంది స్త్రీలే ఎన్నికైరి. 2027 మార్చి 1వ తేదీని ఆధారదినముగా గొని జనాభాలెక్కలు తీయుదుమను ప్రకటన 2025 జూన్‌లో గాని వెలువడలేదు.

వదినెగారికి ఈ మాట చెప్పుట నాకు కష్టముగనే యుండెను. అయినను పరీక్షకు కూర్చుండు పిల్ల చూడవలసినది ఆ చిన్నయక్షరములనే. ఈ బిల్లు కొత్తది కాదు. 1996లో మొదటిసారి ప్రవేశపెట్టబడి, గీతా ముఖర్జీగారి యధ్యక్షతను ఏర్పడిన సంఘముచే పరిశీలింపబడెను. 2010లో రాజ్యసభ యంగీకరించినను లోక్‌సభలో నిలిచిపోయెను. పంచాయతీలలో మాత్రము 1993లో అమలునకు వచ్చిన 73వ సవరణచే మూడవవంతు స్థానములు స్త్రీలకు దక్కినవి. మన తెలుగురాష్ట్రములలో నది సగమైనది. గ్రామములో ముప్పది యేండ్లుగా నడచినది శాసనసభలో నేల యింత యాలసించెను? ఈ ప్రశ్నకు సమాధానము నేనును మా కోడలును వేఱువేఱుగా చెప్పుకొంటిమి. ఆమె పుస్తకములో రెండును వ్రాసికొన్నది.

నోటుపుస్తకమును గూర్చి చెప్పవలెను. మొదట ఆమె తేదీలవారీగా వ్రాసికొనుచుండెను. అట్లు వ్రాసినది మఱల కంటబడదు. జనవరిలో వ్రాసిన ఉల్లి సంగతికి ఆగస్టులోని ఉల్లి సంగతి చుట్టమని తెలియదు. తరువాత పాఠ్యప్రణాళికలోని శీర్షికల ననుసరించి విడికాగితములపై వ్రాయసాగెను: నీటిపారుదలకొక కాగితము, న్యాయస్థానములకొకటి, పొరుగుదేశములకొకటి. కొత్తవార్త వచ్చినప్పుడు పాత కాగితము తీసి దాని క్రింద చేర్చుటయే. ఒక్కొక్కసారి నెలకు రెండుపంక్తులు గూడ చేరవు. చేరనిది చేరకపోయినందుకు బెంగపడరాదు. నేతల పరస్పర దూషణములు, సినిమావారి కబుర్లు, హత్యలు, దొంగతనములు, ఎన్నికల జోస్యములు తీసివేసినచో పదునాఱు పుటల పత్రికలో చదువవలసినది రెండుమూడు పుటలకు మించదు. విడిచిపెట్టుట నేర్చుకొనుటకు ఆమెకు ఆఱునెలలు పట్టినది. చదువుట సులువే.

ఒక్కొక్కప్పుడు చిన్నవార్తయే పెద్ద బుట్టయగును. పోచంపల్లి సంగతి చూడుడు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థవారు దానిని మేలైన పర్యాటక గ్రామములలో నొకటిగా గుర్తించిరి. సంగ్రహములో ఈ యొక్క పంక్తియే యుండును. మనము కట్టుకొను పోచంపల్లి చీరను తలచుకొనుడు. నూలును ముందే ముడులు కట్టి రంగులద్ది, పిమ్మట నేయుటచే ఆ అంచులు కొంచెము చెదరినట్లు కనబడును. ఆ నేతకు భౌగోళిక సూచిక యను రక్షణ కలదు. అట్టి రక్షణ నిచ్చు చట్టము 1999 నాటిది, 2003లో అమలునకు వచ్చినది. తిరుపతి లడ్డు, బనగానపల్లె మామిడి, అరకు కాఫీ, తాండూరు కందులు ఆ వరుసలోనివే. ఆ గ్రామముననే 1951 ఏప్రిల్ 18న వినోబా భావేగారు భూమిలేని హరిజనులకై యడుగగా వెదిరె రామచంద్రారెడ్డిగారు నూఱెకరము లిచ్చుటతో భూదానోద్యమము పుట్టినది. కుటీరపరిశ్రమ, మేధోసంపత్తి చట్టము, స్వాతంత్ర్యానంతర భూసమస్య, మూడును ఒక్క యూరిపేరు క్రింద చేరినవి. అట్లే 2021 జూలైలో రామప్పగుడి ప్రపంచవారసత్వపు జాబితాకెక్కిన వార్తను చదివి ఊరకుండక, ఇసుకపెట్టె పునాదిని గూర్చియు, నీటిపై తేలు తేలిక యిటుకలను గూర్చియు, 1213 నాటి కాకతీయసామంతుడు రేచర్ల రుద్రుని గూర్చియు ఆమె ఒక కాగితము నింపినది.

మద్యపు దుకాణముల విధానము మాఱినదని యెప్పుడు వార్త వచ్చినను నేను దూబగుంట పేరు చెప్పుదును. 1992లో నెల్లూరు జిల్లాలోని ఆ యూరి స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. రాత్రిబడిలో అక్షరములు నేర్చుకొనుచు, వాచకములో సారా గూర్చిన పాఠము చదివి కదలిరని చెప్పుదురు. మఱుసటి సంవత్సరము రాష్ట్రమున సారా నిషేధింపబడెను. మద్యనిషేధమునకు రాజ్యము ప్రయత్నింపవలెనని రాజ్యాంగపు 47వ అధికరణములో నున్నదని మా కోడలు నాకు చెప్పినది. దూబగుంట రోశమ్మగారిని గూర్చి నేను చెప్పితిని. మెయిన్స్ మొదటి సామాన్యపత్రపు ప్రణాళికలో స్త్రీలపాత్ర, స్త్రీసంఘములు అని స్పష్టముగా నున్నది. డ్వాక్రా సంఘము జమాఖర్చులు వ్రాసిన మనము దీనికి పరాయివారము కాము.

భాషవిషయమున నొక మాట. ప్రిలిమినరీ ప్రశ్నపత్రము ఇంగ్లీషు, హిందీలలోనే యుండును. మెయిన్స్ సమాధానములు మాత్రము తెలుగున వ్రాయవచ్చును, ముఖాముఖియు తెలుగున కోరవచ్చును. శ్రీకాకుళము జిల్లాలో ఉపాధ్యాయుడుగా నుండిన రోణంకి గోపాలకృష్ణగారు 2016వ సంవత్సరపు పరీక్షను తెలుగున వ్రాసి దేశమున మూడవ స్థానము పొందిరి. కావున తెలుగుపత్రికను తక్కువగా చూడనక్కఱలేదు. అయితే ద్రవ్యోల్బణమను మాటకు ఇంగ్లీషులో నేమందురో తెలియకున్న ప్రిలిమినరీలో చిక్కు వచ్చును. ఆమె ప్రతి కాగితపు తలపైని రెండు భాషలలోను పేరు వ్రాసికొనును. ప్రభుత్వపు పత్రికాసమాచార కార్యాలయమువారి ప్రకటనలు తెలుగున గూడ వచ్చుచున్నవి. ‘యోజన’ మాసపత్రిక, కేంద్రబడ్జెటు ముందు వెలువడు ఆర్థిక సర్వేక్షణ, ఇవి చాలును. ఫోనులో చేతులు మాఱివచ్చు వార్తలను మాత్రము మా యింట నోటుపుస్తకమునకు రానీయము. ఒకమాఱు అట్టిదానిని నమ్మి లేని చట్టమును ఉన్నదని వ్రాసికొని, నెల తరువాత కొట్టివేసినది.

ఇవన్నియు సరియే, ఎప్పుడు చదువవలెను? ఇక్కడనే అసలు చిక్కు. సామాన్యవర్గమువారికి ముప్పదిరెండేండ్ల వయసును, ఆఱు ప్రయత్నములును హద్దు. ఇతర వెనుకబడిన తరగతులవారికి ముప్పదియైదేండ్లు, తొమ్మిది ప్రయత్నములు. షెడ్యూలు కులములు, తెగలవారికి ముప్పదియేడు. మగపిల్లవాడు ఇరువదిరెండవ యేట మొదలిడి పదేండ్లును తన కొఱకే యుంచుకొనగలడు. ఆడుపిల్లకు ఆ పదేండ్లలోనే పెండ్లి, పురుడు, అత్తవారి పండుగలు. 1951లో ఐ.ఏ.ఎస్.కు ఎన్నికై మద్రాసు రాష్ట్రమునకు వచ్చిన అన్నా రాజమ్ జార్జిగారికి, వివాహమాడినచో ఉద్యోగము పోవునను నిబంధనతో నియామకపత్ర మిచ్చిరట. ఆమెకంటె ముందు, 1948లోనే పరీక్ష నెగ్గి విదేశాంగశాఖలో చేరిన సి. బి. ముత్తమ్మగారు, పెండ్లికి ప్రభుత్వానుమతి కోరవలెనను నియమమును, పైయుద్యోగ మీయకపోవుటను సుప్రీంకోర్టులో ప్రశ్నించి 1979లో న్యాయము పొందిరి. ఆ నిబంధనలు పుస్తకములలోనుండి తొలగినవి. మా యింట నెవ్వరును ఏ నిబంధనయు వ్రాయలేదు. అయినను పత్రిక పదిగంటలకు గాని ఆమె చేతికి రాలేదు.

2023 దసరా వెళ్లిన పిమ్మట నేనొక మార్పు చేసితిని. తెల్లవాఱుజామున అయిదున్నరనుండి ఏడున్నర వఱకు వంట నాది. పత్రిక మొదట ఆమెది. మావారు రెండుదినములు ముభావముగా నుండిరి. మూడవనాడు రెండవ పత్రిక తెప్పించుకొందమనిరి. నేను, “నెలకు రెండువందల పైమాటే, ఏల? ఆమె చదివి గీతలు గీచినది చదువుడు, మీకును శ్రమ తగ్గును” అంటిని. ఇప్పుడు వారు ఆ గీతల వెంబడి చదివి, ఇది యేల గీచితివమ్మా యని యడుగుచుందురు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పలేకపోయినచో ఆమె ఆ గీతను తుడిచివేయును. వంటపని నా మీద పడినందుకు నా మోకాళ్లు మూలుగుచున్నవి, అదియు దాచను.

2024 జూన్ 16న జరిగిన ప్రిలిమినరీని ఆమె దాటినది. సెప్టెంబరులో మెయిన్స్ వ్రాసినది, అందు నెగ్గలేదు. సమాధానములు పూర్తిచేయుటకు వేళ చాలలేదని చెప్పినది. తెలంగాణమునుండి 2022 పరీక్షలో మూడవస్థానము పొందిన ఉమాహారతిగారు అయిదవ ప్రయత్నమున నెగ్గిరని నేను చదివి వినిపింపగా, “అత్తయ్యగారూ, అయిదవ ప్రయత్నమున గూడ నెగ్గనివారి పేర్లు పత్రికలో రావు గదా” అనెను. నాకు మాట తోచలేదు. 2025 మేలో పరీక్ష జరుగునప్పటికి ఆమెకు నెలలు నిండియుండెను. ఆ యేటి ప్రయత్నము పోయెను, మనుమరాలు వచ్చినది. వయసు ప్రకారము ఆమెకు ఇంకను రెండు అవకాశములు మిగిలియున్నవి.

ఇప్పుడు పత్రిక వచ్చు వేళకు పిల్ల లేచుచున్నది. మొన్న నేను పొయ్యివద్ద నుండగా అది ప్రాకుచుపోయి పత్రికను పట్టుకొని సంపాదకీయపు పుటను నిలువున చించినది. మావారు అద్దములు పెట్టుకొని రెండు ముక్కలను చాపమీద సరిగా చేర్చిరి. నేను అన్నపు గంజి తెచ్చితిని. అతికించిన చోట నాలుగు పంక్తులు కనబడలేదు. కోడలు పిల్లను చంకనిడికొని, మిగిలినదానినిబట్టి ఆ పంక్తులలో నేమియుండునో చెప్పుడని మమ్ము ప్రశ్నించుచు కూర్చుండెను.